నిఘంటుకారుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

ఆంగ్లంలో ఒక క్లిష్టపదం ఎదురైనప్పుడు మన విద్యార్థి మొదట చేసే పని, దాని ప్రక్కన ఒక తెలుగు మాటనో ఉర్దూ మాటనో వ్రాసుకొనడం. పోటీ పరీక్షలకు చదివేవారి నోటుపుస్తకాలలో ఎడమవైపు ఆంగ్లపదమూ, కుడివైపు దాని అర్థమూ వరుసగా కనిపిస్తాయి. ఆ వరుసలను కంఠస్థం చేస్తారు. పరీక్ష ముగిసిన మరునాటికే అందులో సగం మరచిపోతారు. తెలుగువానికి ఆంగ్లపదం నేర్పడానికి ఇంతకన్న మంచి మార్గమున్నదని నూట డెబ్బది ఏండ్ల క్రిందటనే గ్రహించి, ఆ పనికి తన ఆయుష్షునూ ధనాన్నీ ధారపోసినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. వేమన పద్యాలను వెలికితీసిన దొరగా ఆయన పేరు మనలో అందరూ విన్నదే. కాని ఉర్దూ, తెలుగు రెండూ ప్రక్కప్రక్కన వినిపించే మన కళాశాల వంటి విద్యాసంస్థలోని వారికి ఆయన జీవితంలో మరింత దగ్గరైన విషయాలు కొన్ని ఉన్నవి. ఆ విషయాల మీదనే ఈ వ్యాసంలో ఎక్కువ దృష్టి పెట్టదలచినాను.

బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించినాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. కుంఫిణీ ప్రభుత్వం తన యువ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి స్థాపించిన ఫోర్టు విలియం కళాశాలకు ఆయన ప్రొవోస్టుగా ఉండేవాడు. ఉర్దూ సాహిత్యం చదివేవారికి ఆ కళాశాల పేరు కొత్త కాదు. గిల్‌క్రిస్ట్ దొర ప్రోత్సాహంతో మీర్ అమ్మన్ 'బాగ్ ఓ బహార్' రచించినది అక్కడనే. ఉర్దూ వచనం కుదురుకొంటున్న వాతావరణంలో, అదే ఊరిలో, మన బ్రౌన్ బాల్యం గడిచిందన్నమాట. తండ్రి బహుభాషావేత్త. హీబ్రూ, అరబీ, పారశీక, హిందుస్తానీ భాషల పరిచయం కుమారునికి ఇంటిలోనే కలిగింది. ఒక మాటకు ఒక భాషలో ఒక రూపమూ, పొరుగు భాషలో వేరొక రూపమూ ఉంటాయన్న సంగతి అతనికి ఊహ తెలిసిన నాటినుండి అనుభవంలో ఉన్నదే.

1812లో తండ్రి మరణించడంతో కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. అక్కడ హెయిలీబరీలోని కుంఫిణీ వారి కళాశాలలో చదువు ముగించుకొని 1817 ఆగస్టులో బ్రౌన్ మద్రాసులో దిగినాడు. అప్పటికి ఆయనకు తెలుగు అక్షరం కూడా రాదు. సెయింట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు ఓనమాలు దిద్దించినాడు. 1820 జూన్‌లో పరీక్ష నెగ్గినాడు. ఆ సందర్భంలోనే గవర్నరు సర్ థామస్ మన్రో ప్రసంగం వినడం తటస్థించింది. ప్రజల భాష రాని అధికారి ప్రజలకు న్యాయం చేయలేడన్నది ఆ ప్రసంగ సారాంశం. ఇరువది ఒక్క ఏండ్ల యువకుని మనస్సులో ఆ భావం గాఢంగా నాటుకొన్నది.

అదే సంవత్సరం ఆగస్టులో కలెక్టరుకు సహాయకునిగా బ్రౌన్‌ను కడపకు పంపినారు. కడప ఎటువంటి ఊరో ఇక్కడ కొంచెం చెప్పుకోవలసి ఉన్నది. అది దత్త మండలాలలోనిది. 1800లో నిజాం ప్రభువు కుంఫిణీ వారికి ఇచ్చివేసిన సీమ. అంతకుముందు నవాబుల ఏలుబడి చూసినది. అందుచేత అక్కడి కచేరీలో రైతు తెలుగులో మొరపెట్టుకొంటాడు, గుమాస్తా లెక్కలు మరాఠీలో వ్రాస్తాడు, ఉత్తరువులలో పారశీక పదాలు దొర్లుతాయి, సిపాయి హిందుస్తానీలో కేక వేస్తాడు. మద్రాసులో పంతులు వద్ద నేర్చిన కావ్యభాష ఆ కచేరీలో బ్రౌన్‌కు అక్కరకు రాలేదు. రైతు నోటినుండి వచ్చే తెలుగు ఒకటి, పుస్తకాలలోని తెలుగు వేరొకటి అని ఆయనకు తెలిసివచ్చింది. తరువాతి ముప్పది ఏండ్ల కృషికి అక్కడ బీజం పడిందని నా అభిప్రాయం.

కడప, మచిలీపట్నం, రాజమహేంద్రవరం, మళ్ళీ కడప, ఆ మీదట గుంటూరు సీమ. ఆయన ఉద్యోగయాత్ర ఇట్లా సాగింది. ఆ బదిలీల వివరమంతా ఇక్కడ అవసరం లేదు. మచిలీపట్నంలో ఉన్నప్పుడు 1824 ప్రాంతంలో వేమన పద్యాల మీద దృష్టి మళ్ళింది. చెల్లాచెదరుగా ఉన్న తాళపత్ర ప్రతులను తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూసి, 1829లో 693 పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చు వేయించినాడు. 1839 నాటి ముద్రణలో వాటి సంఖ్య 1164కు పెరిగింది. పండితులు పామరుని కవిత్వమని పెడచెవిని పెట్టిన వేమన్నను విదేశీయుడొకడు నెత్తిన పెట్టుకొనడం మనం సిగ్గుపడవలసిన విషయమా, సంతోషించవలసిన విషయమా అన్నది పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

కడపలో బ్రౌన్ ఒక బంగళా కొని అందులో పండితులను నియమించినాడు. జనం దానిని బ్రౌన్ కాలేజీ అని పిలుచుకొనేవారు. అక్కడ పట్టాలిచ్చేవారు లేరు, పరీక్షలు పెట్టేవారూ లేరు. ప్రతులు వ్రాసేవారు, పాఠాలు సరిచూసేవారు, టీకలు రచించేవారు మాత్రమే ఉండేవారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య, మన్నేపల్లి రామకృష్ణకవి, రావిపాటి గురుమూర్తి శాస్త్రి మొదలైనవారు వివిధ కాలాలలో ఆయన కొలువులో పనిచేసిన విద్వాంసులు. వారి జీతాలు సర్కారు ఖజానా నుండి వచ్చినవి కావు. బ్రౌన్ తన జీతంలోనుండి ఇచ్చినాడు, చాలనప్పుడు అప్పు చేసి ఇచ్చినాడు. మనుచరిత్రం, వసుచరిత్రం వంటి కావ్యాలకు టీకలు వ్రాయించినాడు, పదసూచికలు తయారు చేయించినాడు. ఆ సూచికలే తరువాత నిఘంటువునకు ముడిసరుకైనవి. ఒక మాట ఏ కవి ఏ అర్థంలో వాడినాడు, అదే మాట ఈనాడు సంతలో ఏ అర్థంలో వినిపిస్తున్నది అని రెండు దిక్కులనుండీ సమాచారం కూర్చుకొనడం ఆయన పద్ధతి.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పవలెను. ఆ నిఘంటువుల ముఖపత్రం మీద బ్రౌన్ పేరొక్కటే ఉన్నది. రేయింబవళ్ళు కూర్చుండి అర్థాలు చెప్పిన పండితుల పేర్లు అక్కడ లేవు. బ్రౌన్ కృతఘ్నుడని నేననను. తన రచనలలో వారిని పేర్కొన్నవాడే. అయినప్పటికీ ఒక నిఘంటువు వెనుక ఎన్ని చేతులుంటాయో విద్యార్థులు తెలుసుకొనడం మంచిది.

గుంటూరు సీమలో ఉన్నప్పుడు జరిగిన ఒక ఉదంతం, పదాల అర్థం గురించి మాట్లాడుకొంటున్న మనకు చాలా ముఖ్యమైనది. 1832-33లో ఆ ప్రాంతాన్ని ఘోరమైన కరువు పీడించింది. నందన నామ సంవత్సరంలో వచ్చినది కాబట్టి నందన కరువనీ, మనుషుల డొక్కలు ఎండిపోయినవి కాబట్టి డొక్కల కరువనీ దానిని పిలుస్తారు. అన్నం లేక వేలకు వేలు జనం చనిపోతున్నారు. దీనిని పైవారికి నివేదించేటప్పుడు అధికారులు ఇష్టపడిన ఆంగ్లపదం 'స్కేర్సిటీ'. బ్రౌన్ వాడినది 'ఫామిన్'. రెండు మాటలకూ మన నోటుపుస్తకాలలో కరువు అనే వ్రాసుకొంటాము. కాని మొదటిదానికి సరుకు కొరత అని అర్థం. గింజలు ఈ ఏడు కొంచెం తక్కువైనవి, ధర పెరిగింది అన్నంత మాత్రమే. రెండవదానికి ఆకలిచావుల క్షామం అని అర్థం. మొదటి మాట వాడితే సర్కారు మీద బాధ్యత తేలిక అవుతుంది. రెండవది వాడితే ఖజానా తలుపు తెరవవలసి వస్తుంది. పై అధికారులకు బ్రౌన్ మాట రుచించలేదు. ఆయన కళ్ళయెదుట జరుగుతున్నదానికి సరిపోయే మాట అదొక్కటే కాబట్టి దానినే వ్రాసినాడు. పర్యాయపదాలని మనం ఒకే గాటన కట్టే మాటల మధ్య ఎంత దూరం ఉంటుందో చూపడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

1834లో బ్రౌన్ ఉద్యోగం పోయింది. ఇంగ్లండుకు వెళ్ళినాడు. మరొకరైతే తెలుగును మరచిపోయేవారు. ఆయన లండనులోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో మూలపడి ఉన్న దక్షిణదేశపు తాళపత్ర గ్రంథాలను చూసి, అవి అక్కడ ఎవరికీ పనికిరావని వాదించి, వాటిని మద్రాసు సాహిత్య సంఘానికి పంపించే ఏర్పాటు చేయించినాడు. మనదేశం నుండి గ్రంథాలు పడమటికి తరలిన కథలు ఎన్నో విన్నాము. అక్కడినుండి తిరిగి వచ్చిన కథలు అరుదు. 1837లో ఆయన కూడా తిరిగి వచ్చినాడు. మద్రాసు ప్రభుత్వం ఆయనను పారశీక అనువాదకునిగా నియమించింది. కొన్నాళ్ళకు తెలుగు అనువాదకుడు, ఆ తరువాత పోస్టుమాస్టరు జనరల్. 1840లో తెలుగు వ్యాకరణం వెలువరించినాడు.

ఇక నిఘంటువుల విషయం. బ్రౌన్‌కు ముందు తెలుగు నిఘంటువులు లేకపోలేదు. మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక ఉన్నది. ఏ. డి. కాంబెల్ 1821లో తెలుగు నిఘంటువు ప్రకటించినాడు. ఆంగ్లం నుండి తెలుగునకు జె. సి. మారిస్ కూర్చిన నిఘంటువు 1835లో మొదలైంది. అయితే వీటిలో గ్రంథస్థ భాషకు దక్కిన గౌరవం నోటి భాషకు దక్కలేదు. 1852 నుండి 1854 లోగా మద్రాసులోని క్రైస్తవ జ్ఞాన సంఘం వారి ముద్రణాలయం నుండి బ్రౌన్ నిఘంటువులు వరుసగా వెలువడినవి. తెలుగు నుండి ఆంగ్లానికి ఒకటి, ఆంగ్లం నుండి తెలుగునకు ఒకటి, మిశ్రభాషా నిఘంటువు ఒకటి.

ఆంగ్లం తెలుగు నిఘంటువు ముఖపత్రం మీదనే దాని ప్రయోజనం ప్రకటించి ఉన్నది. ఆంగ్లంలోని నుడికారాలనూ పదబంధాలనూ తెలుగులో వివరించడమూ, ఆంగ్లపదాల ఉచ్చారణ చూపడమూ దాని పని. అంటే అది తెలుగు నేర్చే దొరలకే కాదు, ఆంగ్లం నేర్చే తెలుగువానికి కూడా ఉద్దేశించినది. ఒక ఆంగ్లపదానికి ఎదురుగా ఒక తెలుగు మాట పెట్టి చేతులు దులుపుకొనడం ఆయనకు ఇష్టం లేదు. ఆ పదం చిన్నచిన్న వాక్యాలలో ఎట్లా వాడుతారో చూపి, ఆ వాక్యాన్ని తెలుగువాడు మాట్లాడే తీరులో తెలుగు చేసి ప్రక్కన పెట్టినాడు. క్రియాపదాల దగ్గర ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. ఆంగ్లంలో ఒక మామూలు క్రియకు చిన్న అవ్యయం చేరగానే అర్థం ఎక్కడికో పోతుంది. 'పుట్' అంటే పెట్టడమని తెలిసిన విద్యార్థికి 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడమనీ, 'పుట్ అప్ విత్' అంటే సహించి ఊరుకొనడమనీ ఎవరో చెప్పకపోతే తెలియదు. పెద్దపెద్ద లాటిన్ పదాలకన్న ఈ చిన్నవే మన విద్యార్థులను ఎక్కువగా బాధపెట్టేది. బ్రౌన్ ఈ చిక్కును గుర్తించి, ప్రత్యేకంగా ఆంగ్ల నుడికారపు అభ్యాసాల కొరకు 'వాక్యావళి' అనే పుస్తకం కూడా రచించినాడు. అది 1852లో అచ్చయింది. పదం కన్న వాక్యం ముందు అన్నది ఆ పేరులోనే ఉన్నది.

మన కళాశాల పాఠకులకు అన్నింటికన్న ఆసక్తి కలిగించేవి రెండు. ఒకటి 1852లో వెలువడిన 'జిల్లా నిఘంటువు'. కచేరీ వ్యవహారాలలో వాడే అరబీ, పారశీక, హిందుస్తానీ మొదలైన మాటలను రోమన్ లిపిలో ఇచ్చి ఆంగ్లంలో అర్థం చెప్పిన పుస్తకమిది. రెండవది 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు ఆయన వేరుగా ఒక సంపుటమే కేటాయించినాడు. పండితులు ఈ మాటలను మ్లేచ్ఛపదాలని కావ్యాలకు దూరంగా ఉంచినారు. కాని వాటిని తీసివేస్తే తెలుగు రైతు తన భూమి గురించి ఒక్క దరఖాస్తు వ్రాసుకోలేడు. జమీను, హక్కు, ఫిర్యాదు, జవాబు, తారీఖు, నకలు, వకీలు, వసూలు... ఏ ఇంటి వాకిట్లో ఈ మాటలు వినిపించవు?

ఈ మాటల ప్రయాణం కూడా చిత్రమైనది. అరబీలో ప్రక్కటెముకకూ పార్శ్వానికీ ఉన్న మాట ఉర్దూలో భూభాగమై, మన నోట జిల్లా అయింది. 'ఖరీద్' అంటే పారశీకంలో కొనుగోలు, తెలుగులో ఖరీదు అంటే వెల. 'రుజూ' అంటే అరబీలో మరలి రావడం, తెలుగులో రుజువు అంటే నిరూపణ. 'తహసీల్' అంటే సంపాదించడం. ఉర్దూవారు విద్యార్జనను తహసీలే ఇల్మ్ అంటారు. మనకు తహసీలు అనగానే శిస్తు కచేరీ గుర్తుకు వస్తుంది. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థి తెలుగువాని నోట ఈ మాట విని తనకు తెలిసిన అర్థమే అనుకొంటే పొరపాటు జరుగుతుంది, తెలుగు విద్యార్థి ఉర్దూ వినేటప్పుడూ అంతే. ఆంగ్లం విషయంలోనూ ఇదే చిక్కు. మనకు కలెక్టరు అంటే జిల్లా అధికారి. ఆంగ్లంలో తపాలా బిళ్ళలు పోగుచేసే పిల్లవాడు కూడా కలెక్టరే. రెండు భాషల నడుమ పెరిగిన మన విద్యార్థులకు ఈ తేడాలు పట్టుకొనే నేర్పు ఇంటిలోనే అబ్బుతుంది. ఒకే భాష మధ్య పెరిగినవానికి లేని సౌకర్యమిది. దానిని ఆంగ్లం నేర్చుకొనేటప్పుడు ఎందుకు వాడుకోరో నాకు అర్థం కాదు.

మన కల్వకుర్తి ఆనాడు నిజాం రాజ్యంలోనిది. బ్రౌన్ ఉద్యోగం చేసిన ఊళ్ళన్నీ కుంఫిణీ ఏలుబడిలోనివి. కనుక ఆయనకు ఈ గడ్డతో ఉద్యోగ సంబంధం లేదు. అయితే ఆయన సేకరించిన కచేరీ మాటలకు మన సీమలో ఆయుష్షు ఎక్కువ. ఇక్కడ పారశీకమూ, 1880ల నుండి ఉర్దూ రాజభాషగా నడిచినవి. 1917లో హైదరాబాదులో అనువాద శాఖ, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడి, ఆంగ్ల శాస్త్రపదాలను ఉర్దూలోకి తేవడం ఒక మహాయజ్ఞంగా సాగింది. మౌల్వీ అబ్దుల్ హక్ సారథ్యంలో అంజుమనె తరఖ్ఖీయె ఉర్దూ వారి ఆంగ్లం ఉర్దూ నిఘంటువు 1937లో వెలువడింది. తెలుగులో బ్రౌన్ చేసిన పనికి ఉర్దూలో అది దీటు. 1899లో నాటి కల్వకుర్తి తాలూకా పడకల్ గ్రామంలో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు గారు తెలుగు, ఉర్దూ, పారశీక, ఆంగ్ల భాషలలో నిష్ణాతులై హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయినారు. ఈ నాలుగు భాషలూ ఒకే మనిషిలో ఇముడుతాయనడానికి దూరం వెళ్ళవలసిన పని లేదు.

బ్రౌన్‌లో లోపాలు లేవా అంటే ఉన్నవి. కుంఫిణీ పాలకులలో ఒకడన్న అహంభావం ఆయన అభిప్రాయాలలో అక్కడక్కడ తొంగిచూస్తుంది. అరసున్నలూ, బండిరకారమూ అక్కరలేదని తన నిఘంటువులో వాటిని ప్రక్కకు నెట్టినాడు. ఆనాటి పండితులకు ఇది కంటగింపు. ఆ రెండు అక్షరాలు లేకుండానే ఈనాడు మనం పత్రికలు చదువుతున్నాము కాబట్టి ఈ తగవులో కాలం ఆయన పక్షాన నిలిచిందనవలెను. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడి గ్రాంథికానికి పట్టం కట్టింది. అర్ధశతాబ్దం గడిచిన తరువాత గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కొరకు నడుము బిగించినప్పుడు బ్రౌన్ దొర సేకరించిన నోటి తెలుగు ఆ పక్షానికి సాక్ష్యంగా నిలిచింది.

1855లో బ్రౌన్ ఇంగ్లండుకు మరలిపోయినాడు. అక్కడా ఊరకుండలేదు. హిందువుల, ముసల్మానుల కాలగణన పద్ధతులను వివరిస్తూ 1863లో ఒక గ్రంథం ప్రకటించినాడు. పాత దస్తావేజుల మీద ప్రభవాది సంవత్సరమూ, హిజ్రీ, ఫస్లీ అంకెలూ కలిసి కనిపించే మన సీమవారికి అటువంటి పుస్తకం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యుడైనాడు. మరుసటి ఏడు తన సాహిత్య జీవితాన్ని గురించి తానే ఒక చిన్న పుస్తకం వ్రాసుకొన్నాడు. అందులో గొప్పలకన్న లెక్కలు ఎక్కువ. ఏ ప్రతి ఎక్కడ దొరికింది, ఏ పండితుడు ఏమి చేసినాడు అన్నవే.

1884 డిసెంబరు 12వ తేదీన లండనులో కన్నుమూసినాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది. 1903లో ఆయన తెలుగు ఆంగ్ల నిఘంటువు సవరించిన రెండవ కూర్పుగా వెలువడినప్పుడు ఆ సవరణలో కందుకూరి వీరేశలింగం పంతులు గారి చేయి కూడా ఉన్నది. నెల్లూరి సాహిత్య పరిశోధకుడు బంగోరె బ్రౌన్ లేఖలనూ రచనలనూ వెదకి ప్రకటించినాడు. కడపలో బంగళా శిథిలమై మొండిగోడలు మిగిలిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా చందాలు పోగుచేసి బ్రౌన్ పేర గ్రంథాలయం నిలబెట్టినారు. అది తరువాత యోగి వేమన విశ్వవిద్యాలయం క్రింద భాషా పరిశోధన కేంద్రమయింది. బ్రౌన్ పండితులు కూర్చున్న స్థలంలోనే ఇప్పుడు తాళపత్రాలు అరలలో ఉన్నవి, చదువుకొనేవారు వస్తూ పోతూ ఉన్నారు.